ఒకటిన్నర అంగుళం కొప్పు

పక్షుల మీద విధానం తయారు చేసేటప్పుడు పక్షిని ఎదురుగా పెట్టుకుని కూర్చోవడం ఆ శాఖలో ఆనవాయితీ కాదు. ఫైలు పెట్టుకుంటే సరిపోయేది. ఆ ఏడు మాత్రం పొరపాటున ఒక కోడి మంత్రిగారి కంట పడింది.

రాజధానిలో జరిగిన వ్యవసాయ ప్రదర్శనలో, ఎరువుల దుకాణానికీ చెరుకురసం బండికీ మధ్య, ఎవరో గంప కింద పెట్టుకుని కూర్చున్న కోడి అది. ఎర్రటి కండజుట్టుకు వెనకగా దాని నెత్తిమీద గుప్పెడు ఈకలు గుండ్రంగా లేచి, పెళ్లికూతురి కొప్పులా ఉన్నాయి. మంత్రిగారు వంగి చూశారు. కోడి తల పక్కకు తిప్పి ఆయన్ని చూసింది. ఆ క్షణాన ఎవరో ఫోటో తీశారు. మర్నాడది పేపర్లలో పడింది. మంత్రిగారి నెత్తిమీద లేనిది కోడి నెత్తిమీద ఉందని జనం గమనించారు. శాఖ గమనించనట్టు ఊరుకుని, నెల తిరక్కుండా 'ఇంటింటా కొప్పుకోడి' అనే పథకం ప్రకటించింది. కొప్పున్నమ్మ ఏ ముడి వేసినా అందమేనన్న సామెతను కరపత్రాల మీద అచ్చు వేయించింది.

కొప్పు ఎంత ఉండాలో తేల్చడానికి ముగ్గురితో ఒక సంఘం వేశారు. కొప్పంటూ పెడితే పెద్దదే పెట్టాలని మొదటి సభ్యుడు అన్నాడు. పెద్ద కొప్పు కళ్లమీద పడుతుందనీ, పైనుంచి గద్ద దిగుతుంటే కోడికి కనబడదనీ రెండో సభ్యుడు అన్నాడు. మూడో సభ్యుడు సమావేశానికి రాలేదు గానీ, బోడితల మాత్రం వద్దని ఫోన్లో చెప్పాడు. ముగ్గురి మాటా నిలిచేటట్టు నివేదిక వచ్చింది: "కొప్పు మధ్యమముగా నుండవలెను. మధ్యమమనగా ఒకటిన్నర అంగుళము. హెచ్చుతగ్గులు పావు అంగుళమునకు మించరాదు."

ఆ నివేదిక చివరికి తామరగెడ్డ ప్రభుత్వ కోళ్ల క్షేత్రానికి, డాక్టర్ బెవర హైమావతి బల్ల మీదికి చేరింది.

హైమావతికి నలభై ఏళ్లు. చదువుకునే రోజుల్లో ఆమె పరిశోధన అంతా పక్షుల ఈకల వారసత్వం మీదే. ఏ రంగు ఎవరి నుంచి వస్తుంది, ఏ పింఛం ఏ తరంలో దాక్కుని ఏ తరంలో బయటపడుతుంది అన్నవి ఆమెకు కంఠోపాఠం. ఉద్యోగంలో చేరి పదమూడేళ్లయింది. ఈ పదమూడేళ్లలో ఆ సంగతి ఆమెను ఒక్కరు అడిగిన పాపాన పోలేదు. మేత రిజిస్టరు, టీకాల రిజిస్టరు, చచ్చినవాటి రిజిస్టరు రాసుకుంటూ ఆమె కూడా దాదాపు మరిచిపోయింది. అందుకే ఆ ఉత్తర్వు చదివినప్పుడు ఆమెకు నవ్వు రాలేదు. ఉత్సాహం వచ్చింది. శాఖకు మొదటిసారి తన చదువుతో అవసరం పడింది మరి.

క్షేత్రంలో మూడు షెడ్లున్నాయి. రెండింటిలో నాటు బోడికోళ్లు. కొప్పు అనేది వాటి వంశంలోనే లేదు. మూడో షెడ్డులో ఎప్పుడో ఎవరో తెచ్చి వదిలిన పెద్దకొప్పు కోళ్లు. వాటి ఈకలు మూడంగుళాలు లేచి, గొడుగులా నాలుగుపక్కలా పడి ఉంటాయి. ఈ మూడు షెడ్లనూ చూసుకునేది సీపాన గున్నమ్మ. ఇరవైరెండేళ్లుగా దినకూలీ. యాభై దాటిన మనిషి. అక్షరం ముక్క రాదు గానీ ఏ పెట్ట ఏ మూల గుడ్డు పెడుతుందో, ఏ పుంజుకు ఏ పెట్టంటే పడదో ఆమెకు తెలిసినట్టు క్షేత్రంలో ఎవరికీ తెలియదు.

మధ్యరకం కొప్పు కావాలంటే ఏం చేద్దామని హైమావతి ఆమెను అడిగింది. జవాబు తనకు తెలుసు. అయినా ఎవరితోనైనా మాట్లాడాలనిపించింది.

"పెద్దకొప్పు పుంజుని బోడిపెట్టల మీదకి ఒగ్గీండమ్మా," అంది గున్నమ్మ. "అన్నీ మద్దిరకవే దిగుతాయి. ఒక్కటి తప్పదు. ఆ మద్దిరకాన్ని మల్లీ మద్దిరకంతో కలిపినారా, ఇంక కొంపలో ఏటి పుడతాదో ఆ దేవుడికే ఎరిక."

హైమావతి నాలుగేళ్లు చదివింది ఆమె రెండు ముక్కల్లో చెప్పేసింది.

అలాగే చేశారు. ఇరవై ఒక్క రోజులకు పిల్లలు దిగాయి. మూడు నెలలకు ఈకలు తేలాయి. నాలుగువందల పన్నెండు పిల్లలకు నాలుగువందల పన్నెండూ ఒకటిన్నర అంగుళం కొప్పుతో, అచ్చులో పోసినట్టు తయారయ్యాయి. రాష్ట్రంలో మరే క్షేత్రంలోనూ ఇలా జరగలేదు. స్వాతంత్ర్య దినోత్సవాన హైమావతికి ప్రశంసాపత్రం ఇచ్చారు. పత్రం మీద ఆమె పేరు హేమలత అని పడింది, అయినా ఆమె అది ఇంట్లో గోడకు తగిలించింది.

సెప్టెంబరులో సంచాలకులు పరాంకుశం గారు స్వయంగా వచ్చారు. పొడుగాటి మనిషి. మాట్లాడేటప్పుడు కూడా ఎవరో రాసుకుంటున్నట్టు ఆగి ఆగి మాట్లాడతారు. మధ్యమ కొప్పు కోళ్లను చూసి సంతోషించారు. ఒకదాని కొప్పు మీద ఉక్కు స్కేలు పెట్టి తామే కొలిచి, పక్కనున్నవాళ్ల వైపు తల ఊపారు. తర్వాత ఆయన కన్ను పక్క షెడ్డు మీద పడింది.

"ఇవేమిటి?"

"తల్లులు సార్."

"ఎవరికి?"

"మీరిప్పుడు మెచ్చుకున్న పిల్లలకి."

పరాంకుశం గారు బోడికోళ్ల వైపు కాసేపు చూశారు. మూడో షెడ్డులో కొప్పు కళ్లకడ్డం పడి గోడకు తల కొట్టుకుంటున్న తండ్రుల్ని కూడా చూశారు. ఆయన ముఖం చిన్నబోయింది.

"డాక్టర్ గారూ, ప్రభుత్వ ఆవరణలో ప్రభుత్వ ప్రమాణానికి లోబడని పక్షులు ఉండటం విధానరీత్యా సమంజసం కాదు. ఇప్పుడు మనకు ప్రమాణ పక్షులు లభించాయి. ఇకపై సంతతి వాటి నుంచే కలగాలి. ప్రమాణం ప్రమాణం నుంచే పుట్టాలి."

 హైమావతి ఒక కాగితం తీసి గళ్లు గీసి, తనకు చేతనైనంత తేలికగా చెప్పింది. కొప్పు పెట్టమనే మాట ప్రతి పిల్లకీ తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి రావచ్చు. రెండువైపుల నుంచీ వస్తే పెద్దకొప్పు. ఒక్కవైపు నుంచే వస్తే మధ్యమం. ఎటు నుంచీ రాకపోతే బోడి. మధ్యమాన్ని మధ్యమంతో కలిపితే నాలుగింట సుమారు ఒకటి బోడి, ఒకటి పెద్దకొప్పు, రెండు మాత్రమే మధ్యమం. ఎన్ని తరాలు కలిపినా అంతే. అన్నీ మధ్యమం కావాలంటే ఆ బోడివీ, ఆ పెద్దకొప్పువీ ఉండి తీరాలి.

పరాంకుశం గారు గళ్ల కాగితాన్ని రెండువైపులా తిప్పి చూశారు.

"ఈ నియమం ఎవరు జారీ చేశారు?"

ఎవరూ జారీ చేయలేదనీ, పూర్వం విదేశంలో ఒక మఠంలో ఒక సన్యాసి బఠానీ మొక్కలు పెంచుతూ కనిపెట్టాడనీ హైమావతి చెప్పింది.

"మఠాలకు మన శాఖ మీద అధికార పరిధి లేదు," అన్నారు పరాంకుశం గారు. "పైగా బఠానీ ఉద్యానశాఖ కిందికి వస్తుంది."

వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. ప్రమాణేతర పక్షులను తక్షణం తొలగించవలెను. తొలగించడానికి అనువైన సందర్భం కూడా శాఖే చూసింది. పథకం విజయోత్సవ సమీక్షా సమావేశం తామరగెడ్డలోనే పెట్టి, రెండు షెడ్ల తల్లులనూ ఒక షెడ్డు తండ్రులనూ పులావు వండించింది. ప్రశంసాపత్రం పొందిన అధికారి కనుక వడ్డించేవాడు హైమావతి విస్తట్లో ఏరి మరీ తొడముక్క వేశాడు. ఆమె దానికేసి చూస్తూ కూర్చుంది. గున్నమ్మ ఆ పూట పనిలోకి రాలేదు. సమావేశపు మినిట్సులో ఆఖరి పేరా ఇలా ఉంది: "ప్రమాణేతర పక్షుల మాంసము సైతము ముదురుగా నుండి ప్రమాణమునకు లోబడియుండలేదని సభ్యులు అభిప్రాయపడిరి."

ఆ తర్వాత మధ్యమ పుంజుల్ని మధ్యమ పెట్టలతో కలిపారు. ఇరవై ఒక్క రోజులు గడిచాయి. మూడు నెలలు గడిచాయి. నాలుగువందల పిల్లలకు నూట మూడు బోడివి. తొంభై ఎనిమిది పెద్దకొప్పువి. మిగిలినవి మధ్యమం. ఎక్కడో పాతిపెట్టిన తరం మట్టి దులుపుకుని లేచొచ్చినట్టుంది.

నోటీసు వెంటనే వచ్చింది. "మీ అధీనములోని కోళ్లు ప్రమాణము నుండి యాభై శాతము వైదొలగుటకు గల కారణములను ఏడు దినములలోగా తెలుపవలెను. లేనియెడల కోళ్లకు చెప్పుకొనుటకు ఏమియు లేదని భావించబడును."

హైమావతి గళ్ల కాగితం మళ్లీ పంపింది. అది చేరినట్టు రసీదు వచ్చింది. దాని వెనకే విచారణ వచ్చింది. ఊళ్లోంచి ఏదో అనామక పుంజు గోడ దూకి ఉంటుందని మొదట అనుమానించి గోడ మూడడుగులు ఎత్తు పెంచారు. తర్వాతి బ్యాచి కూడా అలాగే దిగింది. పెద్దకొప్పుల్ని కత్తిరించి, ఆ కత్తిరించిన ఈకల్ని బోడివాటికి జిగురుతో అంటించమని ఇంకో ఉత్తర్వు వచ్చింది. బోడికోళ్లు ఆ అంటించిన కొప్పుల్ని ఒకదానివి ఒకటి పొడుచుకు తినేశాయి. ఆ వారంలోనే తనిఖీకి వచ్చిన ఒక అధికారి పెద్దకొప్పు కోడి నెత్తిమీద స్కేలు గట్టిగా అదిమి కొలవబోతే అది అక్కడికక్కడే వాలి ప్రాణం విడిచింది. కొన్ని పెద్దకొప్పు కోళ్లకు ఈకల కింద పుర్రె ఎముక పూర్తిగా కలవదనీ, మెదడు పైకి ఉబ్బి పలచటి పొర కింద ఉంటుందనీ, అక్కడ అదమకూడదనీ హైమావతి రాసింది. మెదడు పైకి ఉండుట ఉన్నత లక్షణమేనని పైనుంచి జవాబు వచ్చింది.

ఇక్కడ గణాంకాధికారి త్రినాథం ప్రవేశించాడు. ఇతను కోళ్లను చూడటానికి రాలేదు. వాటి లెక్కలు చాలన్నాడు. పెద్దకొప్పు మూడంగుళాలు, బోడిది సున్నా, మధ్యమం ఒకటిన్నర. అన్నిటినీ కూడి తలల సంఖ్యతో భాగించాడు. ఒకటిన్నర వచ్చింది. మూడు బ్యాచిలకూ చేశాడు. మూడుసార్లూ ఒకటిన్నరే.

"క్షేత్రం ఎన్నడూ ప్రమాణం తప్పలేదు మేడమ్," అన్నాడు తృప్తిగా. "మీరు పక్షిని పక్షిగా చూడటం వల్ల తప్పినట్టు కనిపించింది."

ఆ లెక్క ప్రకారమే తర్వాతి రెండు బ్యాచిల కోళ్లను కొండమీది ఊళ్లలో ఆడవాళ్లకు పంచారు. ఇద్దరిద్దర్ని జతచేసి, ఒకరికి పెద్దకొప్పు జంట, ఇంకొకరికి బోడి జంట ఇచ్చారు. కలిపి చూస్తే ఇద్దరికీ మధ్యమం అందినట్టే. పెద్దకొప్పు వచ్చినవాళ్ల కోళ్లను గద్దలు తీరుబడిగా ఎత్తుకుపోయాయి. తలెత్తి చూడబోతే కోడికి తన కొప్పే కనబడుతుంది తప్ప ఆకాశం కనబడదు మరి. ఒకావిడ అయిదు మైళ్లు దిగి వచ్చి, తనకు బోడివి ఇప్పించమనీ, బోడికోడయితే గద్దను చూసి పిల్లల్ని రెక్కల కిందికి లాక్కుంటుందనీ మొత్తుకుంది. త్రినాథం ఆమె పేరు దగ్గర, గద్ద వలన సగటు చెడినది అని రాసుకుని పంపేశాడు.

ఇంతలో మంత్రిగారు క్షేత్రం చూడ్డానికి వస్తారని కబురొచ్చింది. మంత్రిగారి కంటికి సగటు కనబడదని పరాంకుశం గారికి తెలుసు. పదిహేను రోజుల్లో ప్రమాణేతర పక్షి ఒక్కటి కూడా ఆవరణలో ఉండకూడదని ఉత్తర్వు ఇచ్చారు. లేకపోతే క్షేత్రం మూసివేసి సిబ్బందిని సర్దుబాటు చేస్తామన్నారు. దినకూలీలకు సర్దుబాటు అనేది ఉండదు.

ఆ ఉత్తర్వు పట్టుకుని హైమావతి షెడ్డు గుమ్మంలో కూర్చుంది. లోపల రెండువందల కోళ్లు, బోడివీ గొడుగులవీ, కలిసి నూకలు ఏరుకుంటున్నాయి. చెప్పాల్సిన నిజం మూడుసార్లు రాసి పంపింది. నాలుగోసారి రాసే ఓపిక లేదు. ఇరవైరెండేళ్లు వయసున్నప్పుడు తాను ఈ గళ్లు గీసుకుంటూ రాత్రీ పగలూ మరిచిపోవడం గుర్తొచ్చి సిగ్గేసింది. ఎందుకో ఆమెకే తెలియలేదు.

గున్నమ్మ తుడుపుగుడ్డతో షెడ్డు మూలనున్న పాత ఇంక్యుబేటర్ దుమ్ము దులుపుతోంది. తుప్పుపట్టిన పెట్టె.

"ఈ మిసను తొమ్మిదేల్లయి ఒక్క పిల్లని దింపనేదు," అంది, హైమావతితో కాక పెట్టెతో అన్నట్టు. "దీన్ని ఎవులూ పొమ్మనరు. ఏడాదికోపాలి ఎవులో వొచ్చి సూసి కాయితం రాసుకుని ఎల్తారు. పానం నేనిదాన్నయినా ఉండనిత్తారు గానీ, పానం ఉన్నదాన్ని ఉండనీరు."

హైమావతి తలెత్తింది. కాసేపు ఆ పెట్టెకేసి చూసింది. తర్వాత లేచి ఆఫీసులోకి వెళ్లి ఉత్తర్వు మళ్లీ మొదటినుంచి చదివింది. తొలగించమన్నది ప్రమాణేతర పక్షులను. యంత్రాల ఊసు లేదు. పైగా యంత్రపరికరాలను సంచాలకుల లిఖితపూర్వక అనుమతి లేనిదే కదిలించరాదని వేరే నియమం ఉంది.

ఆమె యంత్రపరికరాల రిజిస్టరు తీసింది. గుండ్రటి దస్తూరీతో రాసింది: "మధ్యమ శిఖా ఉత్పత్తి యంత్రము, మొదటి రకము (శిఖారహితము): నూట మూడు. అదే, రెండవ రకము (దీర్ఘశిఖ): తొంభై ఏడు. స్థితి: పనిచేయుచున్నవి." ఒక్కోదాని కాలికి రేకు నెంబరు కట్టించింది.  

యంత్రాలు పనిచేశాయి. పెద్దకొప్పు యంత్రాన్ని బోడి యంత్రంతో కలిపితే ప్రతి పిల్లా ఒకటిన్నర అంగుళమే. ఆ పిల్లలు దిగక ముందే మంత్రిగారు వచ్చారు, ఉన్న మధ్యమ కోళ్లను చూసి మెచ్చుకున్నారు, ఫోటో దిగారు. పరికరాల షెడ్డులోకి ఎవరూ తొంగిచూడలేదు. తనిఖీవాళ్లు మాత్రం యంత్రాలు తెల్లవారుజామున శబ్దము చేయుచున్నవని ఒక ఆక్షేపణ రాశారు. అది యంత్రం చాలూ అయినట్టు తెలియజేసే ధ్వని అని హైమావతి సమాధానం ఇచ్చింది. ఆక్షేపణ ఉపసంహరించుకున్నారు.

ఆ చలికాలంలో పరాంకుశం గారు రాష్ట్రస్థాయి సదస్సులో 'ప్రమాణము ప్రమాణమునే కనును' అనే పత్రం చదివారు. ప్రమాణేతరులను తొలగించిన వెంటనే తామరగెడ్డలో సంతతి నూటికి నూరుపాళ్లు ప్రమాణానికి వచ్చిందనీ, వంశశుద్ధికి ఇంతకన్నా దాఖలా అక్కర్లేదనీ ఆయన అన్నారు. హైమావతి మూడో వరసలో కూర్చుంది. లేచి నిలబడి, ఆ బోడివాళ్లు ఇంకా అక్కడే ఉన్నారు సార్, వాళ్ల వల్లే ఇదంతా, అని చెప్పాలని ఆమెకు రెండుసార్లు అనిపించింది. చెబితే సాయంత్రానికల్లా రెండువందల ప్రాణాలు పులావు అవుతాయి. చప్పట్లు కొట్టింది.

చప్పట్లు కొట్టినందుకు ఫలితం నెలలో వచ్చింది. కోళ్ల విషయంలో రుజువైన సూత్రాన్ని సిబ్బందికి కూడా వర్తింపజేస్తూ శాఖ ఒక సర్క్యులర్ తీసింది. ప్రమాణాధికారుల సంతానం పుట్టుకతోనే ప్రమాణం కనుక వారికి నియామక పరీక్ష అవసరం లేదు. ఆ మేరకు పరాంకుశం గారి కుమారుడు పథకానికి సలహాదారు అయ్యాడు. రెండో పేరాలో, పదో తరగతి లేని దినకూలీలను ప్రమాణేతర సిబ్బందిగా పరిగణించి నెలాఖరులోగా తొలగించమని ఉంది.

తామరగెడ్డలో పదో తరగతి లేని దినకూలీ ఒక్కతే.

హైమావతి ఆ కాగితం రెండు రోజులు సొరుగులో దాచింది. తన అబద్ధం నుంచే ఇది పుట్టిందని ఆమెకు తెలుసు. మూడోరోజు గున్నమ్మను పిలిచి ఉన్నదున్నట్టు చెప్పింది. గున్నమ్మ ఏడవలేదు. మేత తొట్టెలు ఎవరు కడుగుతారని అడిగింది. ఎవరూ లేరని హైమావతి చెప్పింది.  బల్లమీద యంత్రపరికరాల రిజిస్టరు తెరిచి ఉంది.

"ఒక దారి ఉంది గున్నమ్మా. కానీ నిన్నలా రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు."

ఏమని రాస్తారో గున్నమ్మ అడిగి తెలుసుకుంది. నవ్వుతుందో, కోప్పడుతుందో అని హైమావతి ఆమె ముఖంకేసి చూసింది. గున్నమ్మ రెండూ చేయలేదు.

"రాసీండమ్మా," అంది. "మనిసిగా ఇరవయ్యిరెండేల్లు సేసినాను. మిసనుగా ఎన్నాల్లుంచుతారో సూద్దాం."

హైమావతి రాసింది: "పిల్లలను పొదిగించి పెంచు యంత్రము, ఒకటి. స్వయంచాలితము. స్థితి: పనిచేయుచున్నది." ఆమెకిచ్చే డబ్బుకు కూలి అనే పేరు పోయి నిర్వహణ ఖర్చు అనే పేరు వచ్చింది. కాలికి నెంబరు రేకు కట్టాల్సి ఉంటుందని గుమస్తా గుర్తుచేశాడు. హైమావతి అతనికేసి చూసిన చూపుకు అతను ఆ రేకును సొరుగులో పెట్టేశాడు.

అప్పటిదాకా ఎవరికీ తెలియని సంగతులు కొన్ని బయటపడ్డాయి. దినకూలీకి వర్షం పడితే పని లేదు, అంటే కూడు లేదు. యంత్రాన్ని వర్షంలో తడవనివ్వకూడదని నియమం ఉంది. షెడ్డు పక్కన ఆమెకు కొత్త రేకుల వసారా వేశారు. దినకూలీకి ఆదివారం సెలవు లేదు. యంత్రాన్ని వారానికి ఒకరోజు ఆపి చల్లబడనివ్వాలి. దినకూలీ జబ్బుపడితే అది ఆమె ఖర్మ. యంత్రానికి ఏటా తనిఖీ, మరమ్మతు చేయించకపోతే అధికారి మీద చర్య తీసుకుంటారు.

మార్చిలో ఆ తనిఖీకి ఒక మెకానిక్ వచ్చాడు. టౌనునుంచి, చంకలో అట్ట, చేతిలో అచ్చుఫారం. పాత ఇంక్యుబేటర్ చూసి టిక్కులు పెట్టుకున్నాడు. తర్వాత నెంబరు ప్రకారం గున్నమ్మ ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. ఫారంకేసీ మనిషికేసీ మార్చి మార్చి చూశాడు.  కానీ అతను కూడా పదిహేనేళ్లుగా ఫారాలు నింపుతున్నవాడే. ఎదురుగా ఉన్నదాన్ని బట్టి ఫారం మారదని అతనికి తెలుసు.

"కదిలేటప్పుడు శబ్దం ఏమైనా వస్తోందా?"

"మోకాల్లు బాబూ. మెట్టు ఎక్కినప్పుడు కీసుమంతన్నాయి."

అతను రాసుకున్నాడు. వేడెక్కుతోందా అని అడిగాడు. సాయంత్రాలప్పుడు ఒళ్లు కాలతాదని చెప్పింది. రాసుకున్నాడు. ఆఖరి ప్రశ్న దగ్గర కొంచెం ఆగాడు. "సూచికలు స్పష్టంగా కనిపిస్తున్నాయా?"

గున్నమ్మకు అర్థం కాలేదు. హైమావతి అడిగింది, కళ్లు ఎలా ఉన్నాయి నీకు అని.

"కల్లకేటమ్మా. పదేల్లయి మబ్బు మబ్బుగా ఉంతాది. పిల్లల్ని సేత్తో తడిమి పోలుసుకుంతాను."

హైమావతికి పదేళ్లు అన్న మాట దగ్గర మనసు ఆగిపోయింది. అందులో ఆరేళ్లు తన ఏలుబడే. కోళ్ల కళ్లలో పొర వస్తే అదేరోజు మందు వేయించి రిజిస్టరులో రాసింది. పక్కనున్న మనిషి గింజలు తడుముకుంటూ ఏరుతుంటే అది ఆమె అలవాటేమో అనుకుంది. మెకానిక్ "దృష్టి పరికరము మార్చవలెను, అత్యవసరము" అని రాసి సంతకం పెట్టాడు. హైమావతి కింద ప్రతిసంతకం చేసింది.

పన్నెండు రోజుల్లో మంజూరు వచ్చింది. ఆ శాఖలో అంత త్వరగా ఏదీ ఎన్నడూ మంజూరు కాలేదు. మనుషుల అర్జీలు వెళ్లే గదికి కాక, అది మరమ్మతుల గదికి వెళ్లింది.

కళ్లజోడు వచ్చిన ఉదయం గున్నమ్మ దాన్ని పెట్టుకుని షెడ్డులోకి వెళ్లింది. చాలాసేపు బయటికి రాలేదు. హైమావతి వెళ్లి చూస్తే, నాలుగు రోజుల బోడి పిల్లనొకదాన్ని అరచేతిలో పెట్టుకుని, ముఖానికి దగ్గరగా తెచ్చుకుని, మళ్లీ దూరంగా పెట్టి చూస్తోంది.

"ఈటికి కంటిసుట్టూ సన్నంగా పసుపు గీత ఉంతాదని మీకు ఎరికేనా డాట్రమ్మా?"

ఎరికేనని హైమావతి అంది. గున్నమ్మ ఆ పిల్లను దించి, ఇంకోదాన్ని తీసుకుంది.